తల మీద చెయ్యి

ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన మర్నాడు
పొన్నాయిలంక కాజ్‌వే మీద నడుముల్లోతు నీళ్ళు.
నాటుపడవలో నేను, క్లోరిన్ బిళ్ళల పెట్టెలు,
గొడుగు వేసుకోవడం మానేసిన బున్మీ.

లావోస్ కుర్రాడు. ముప్పై ఉండవు.
ఏటిగట్టు మీద పిల్లలు "చైనా, చైనా" అని అరుస్తుంటే
చెయ్యి ఊపి నవ్వుతున్నాడు,
చైనావాళ్ళు తన ఊళ్ళోనూ పరాయివాళ్ళేనని
ఎవరికి చెప్పాలో తెలీక.

వాళ్ళ ఊరు నాకు తెలుసు.
మెకాంగ్ ఒడ్డున బడికి నీళ్ళగొట్టాలు వేస్తూ ఏడు నెలలున్నాను.
వానాకాలం ఆ నీళ్ళూ ఇదే రంగు,
పాలు తక్కువైన టీ రంగు.
అక్కడా చేత్తోనే తింటారు, బంక అన్నం ముద్ద చేసి.
అది చూసి ఎంత పొంగిపోయానో.
పొంగిపోయి, అంతా మనలాగే అనుకున్నాను.

మొదటి వారమే, గొట్టం కదలకుండా పట్టుకున్నాడని
ఓ బుడ్డోడి తల నిమిరాను.
వాళ్ళమ్మ మొహంలో ఎక్కడో తలుపు పడింది.
ఎవరూ ఏమీ అనలేదు.
రాత్రి అన్నం బుట్ట ముందు, నేలకేసి చూస్తూ
బున్మీయే చెప్పాడు:
"ప్రాణం తలలో కూర్చుంటుంది అక్కా.
దాన్ని లేపకూడదు."

అంతకు ముందెప్పుడో జపాన్‌లో, సముద్రం మింగి కక్కిన ఊళ్ళో
బురద పట్టిన ఫోటోలు మెత్తటి బ్రష్‌తో కడిగేదాన్ని.
ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో బడి వరసలు,
మొహాలు కరిగిపోయి చొక్కాలు మాత్రం మిగిలినవి.
ఇంకొంచెం అన్నం వెయ్యనా అని ఒకావిడ సైగ చేస్తే
మన తీరున తల అటూ ఇటూ ఊపాను, వెయ్యమని.
ఆవిడ నడుం వంచి, క్షమాపణ చెప్పి
గిన్నె తీసుకుపోయింది.
నా తలకి తెలుగు తప్ప రాదని
ఆ రాత్రి ఆకలేసి తెలిసింది.
నేపాల్‌లో రాళ్ళు మోసినప్పుడు ఈ ఇబ్బంది లేదు.
అక్కడివి వేరే ఉన్నాయి. ఇప్పుడొద్దు.

"బున్మీ అంటే ఏంటండీ?" గెడ వేస్తూ అడిగాడు యేసేబు.
పుణ్యమున్నవాడు అన్నాను. బున్ అంటే మన పుణ్యమే,
అంత దూరం నడిచేసరికి కాస్త అరిగింది.
యేసేబు గెడ ఆపి వాడికేసి చూశాడు.
"ఐతే చుట్టమే."

పేరంటాలు మామ్మ డాబా మీద ఉంది,
మూడు మేకలు, ఒక గ్యాస్ బండ, తడిసిన రేషన్ కార్డుతో.
పై మెట్టు దాకా నీళ్ళున్నా
బున్మీ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు.
మామ్మ అది చూసింది.
పెద్దవాళ్ళ తల కంటే తన తల కిందుండాలని
బాగా వంగి, బిళ్ళల పొట్లం రెండు చేతులా అందించాడు.
మామ్మకి ఆ వంగడం వేరేలా అర్థమైంది.
చెయ్యి లేచింది.

వద్దు మామ్మా, అనాలి నేను.
ఎవరి మర్యాద కాపాడాలో తేల్చుకునేలోపు
మేకల వాసన, నీళ్ళ వాసన ఉన్న ఆ చెయ్యి
వాడి నడినెత్తిన దిగింది.
"వెయ్యేళ్ళు బతుకు నాయనా."
బున్మీ భుజాలు బిగుసుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.
తర్వాత, నేర్పిన తెలుగులో, "వెళ్తాను" అన్నాడు.
"వెళ్తానంటాడేంటే! వెళ్ళొస్తాననమను," కసిరింది మామ్మ,
నన్ను.

నడి ఏట్లో అడిగాడు, ఆవిడ ఏమందని.
వెయ్యేళ్ళు బతకమంది.
"అన్ని ఎందుకు?"
మిగిలిన పెట్టెలు లెక్కపెట్టాం. రెండు తగ్గాయి.
మళ్ళీ లెక్కపెట్టాం.

వాడి జుట్టులో ఐదు వేళ్ళ తడి ఇంకా ఆరలేదు.
తువ్వాలు ఒళ్ళోనే ఉంది. తుడుచుకోలేదు.
దానికి అర్థమేంటో
ఏడు నెలలున్నాను గాని,
నాకు తెలీదు.